ఇల్లు పడగొట్టేలోపు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్లాక కావలి ఇల్లు పడగొట్టిస్తారని, ఈలోపు సామాన్లు పంచుకుందామని రాశావు. మంచిదే. కానీ బిందెలు, మంచాలు ఎవరికేవన్నది చివర్న తేల్చుకోండి. ఇత్తడి ఎప్పుడైనా తూకానికి దొరుకుతుంది. పెళ్లి ఫోటోలో వెనక వరుసలో నిలబడ్డ మనిషెవరో చెప్పగలిగింది మాత్రం మీ నాయనమ్మ ఒక్కతే. అందుకే ఆమె దగ్గర మొదలుపెట్టు.

పొద్దున టిఫిను అయ్యాక కూర్చోండి, ముప్పావు గంట చాలు. అంతకు మించితే అలసిపోయి "అంతేలే నాయనా" అనేస్తుంది. ఆమె మాటలు ఫోనులో రికార్డు చేసుకో. ఫ్యాను ఆపెయ్. ఆ హోరు మాట మీద పడితే తర్వాత తీసేయడం కష్టం. ఫోను ఆమెకు రెండు జానల దూరంలో, మడిచిన తువ్వాలు మీద పెట్టు. ఉత్త బల్ల మీద పెడితే చెయ్యి ఆనించిన చప్పుడు కూడా ఎక్కుతుంది. ముందు తేదీ, ఊరు, ఆమె పేరు నువ్వే చెప్పి మొదలుపెట్టు. "మీ కాలం ఎట్టా ఉండేది" అని అడగొద్దు, రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఒక వస్తువు చేతికిచ్చి, ఇది ఎవరు పెట్టారు, ఏ పెళ్లికి, అప్పుడు ఎవరెవరు వచ్చారు అని అడుగు. సంవత్సరం తప్పు చెప్పినా మధ్యలో దిద్దొద్దు, పక్కన రాసుకో.

చేపల పులుసు కొలతలు అడిగితే చారెడు, నిమ్మకాయంత అంటుంది. వండేటప్పుడే పక్కన ఉండి, ఆమె తీసిన చారెడును తూకంలో వేసి గ్రాములు రాయి. ఇంట్లో సోల ఉంటే నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచిపెట్టు, సోల అన్నిచోట్లా ఒక్కటి కాదు. అప్పటికి మామిడికాయల కాలం రాదు కాబట్టి పులుసులో మామిడి ముక్కలు ఎప్పుడు వేస్తుందో, దించాక ఎంతసేపు ఆగుతుందో అడిగి రాసుకో. పులుసు రుచి అక్కడే ఉంది.

ఇక ఫోటోలు. సముద్రం దగ్గర ఊరు కాబట్టి గోడ మీది పటాల్లో తేమకి ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది. లాగావంటే మొహం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చెయ్యి. జిగురు అట్టల ఆల్బంలో ఉన్నవాటి కింద, పళ్లు శుభ్రం చేసుకునే సన్నదారం పెట్టి రంపం లాగినట్టు మెల్లగా జరుపు. రాకపోతే వదిలేసి పేజీనే స్కాన్ చెయ్యి. మామూలు ఫోటోకి 600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), పాస్‌పోర్టు సైజుకి 1200 పెట్టు. వెనకవైపు కూడా తియ్యి, స్టూడియో ముద్రలు, చేతిరాతలు ఉండేది అక్కడే. వెనక బాల్‌పెన్నుతో రాయొద్దు, గీత ముందుకు ఉబుకుతుంది. మెత్తని పెన్సిలు వాడు.

బూజు పట్టినదాన్ని తడిగుడ్డతో అసలు తుడవొద్దు. పైపొర జిలాటిన్ అనే జిగురుపదార్థం, తడిస్తే మెత్తబడి బొమ్మతో సహా ఊడొస్తుంది. మూతికి మాస్కు కట్టుకుని, బయట నీడలో, పొడి కుంచెతో దులుపు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలా ఆల్బం తడిస్తే శుభ్రమైన చన్నీళ్లలో ముంచితీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఒక్కొక్కటే పరచాలి. రెండు రోజుల్లో ఆరబెట్టలేకపోతే మధ్యలో బటర్ పేపరు పెట్టి, సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్లో ఉంచొచ్చు. న్యూస్ పేపరు మాత్రం పెట్టొద్దు, సిరా అంటుతుంది.

తేదీ లేని ఉత్తరాలకు ఆనవాళ్లు చూడు. "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని ఉంటే 1970కి ముందుదే అయ్యుంటుంది, ఆ ఏడే ఒంగోలు జిల్లా ఏర్పడింది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. శుభలేఖలో వికారి అని మాత్రమే ఉంటే 1959-60 కావచ్చు, 2019-20 కావచ్చు. తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకు మళ్లీ వస్తుంది కదా, కాగితం చూస్తే ఏదో తెలిసిపోతుంది.

జరీ చీరలకు కలరా ఉండలు తగలనీయొద్దు, ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, మూడునాలుగు నెలలకోసారి మడత మార్చమని మీ అత్తకు చెప్పు.

ఉత్తరాలూ అసలు ఫోటోలూ పెద్ద ఇల్లున్న వాళ్లకు కాదు, తేమ లేని గది ఉన్నవాళ్లకు ఇవ్వండి. స్కాన్లు అందరికీ: రెండు హార్డ్ డిస్కులు రెండు ఊళ్లలో, ఇంకో ప్రతి ఇంటర్నెట్‌లో. ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత మనుషుల పేర్లు రాయి. మీ చెల్లెలికి పేర్లు తెలియవు, అది ఒక్కతే వెతుక్కోగలిగేలా ఉండాలి.

బిందెలు పంచుకునేటప్పుడు చీట్లు వేసుకోండి. పేర్లు చెక్కినవాటిని మాత్రం పాలిషింగ్ షాపులో ఇవ్వొద్దు, మిషను చక్రం ఆ అక్షరాలను అరగదీస్తుంది. చింతపండు పెట్టి చేత్తో తోమితే చాలు.

అటక మీద ఎడమ పక్కనున్న ట్రంకు పెట్టెలో ఉత్తరాలున్నాయి. అది దించి లోపల పెట్టాకే పాత సామాన్ల అతన్ని పిలువు.

మీ పెదనాన్న