ఫ్రీమేసన్ లాడ్జిలో చేరాలంటే ముందు నువ్వే అడగాలి

తమ్ముడూ, ఆఫీసులో సీనియర్ ఒకాయన ఫ్రీమేసన్ (ఫ్రీమేసన్రీ అనే పాత సోదర సంఘంలో సభ్యుడు) అని తెలిసి, ఆయనే పిలుస్తారని ఏడాదిగా ఎదురుచూస్తున్నానన్నావు. పొరపాటు అక్కడే ఉంది. చేరమని వెంటపడటం వాళ్ల పద్ధతి కాదు. మొహమాటం వదిలి నువ్వే అడుగు.

సాధారణంగా 21 ఏళ్లు నిండిన మగవాళ్లనే తీసుకుంటారు. దైవనమ్మకం ఉండాలి, ఏ దేవుడన్నది నీ ఇష్టం. మతం మార్చేస్తారేమోనని అమ్మ టెన్షన్ పడుతోందన్నావుగా, లాడ్జిలో, అంటే ఆ సంఘం స్థానిక శాఖలో, మతం, రాజకీయాల మీద చర్చే నిషేధమని చెప్పు. వివేకానందుడు కూడా 1884లో కలకత్తాలో మేసన్‌గా చేరినవాడే. ఆ మాట వింటే అమ్మ సగం మెత్తబడుతుంది!

ఒక సభ్యుడు నీ పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. తర్వాత ఇంటర్వ్యూ, ఆపైన రహస్య ఓటు. తెల్ల గోళీ అంటే సరే, నల్ల గోళీ అంటే వద్దని. వ్యాపార పరిచయాల కోసం వస్తే ఇంటర్వ్యూలోనే పసిగడతారు, జాగ్రత్త.

ప్రవేశ రుసుము, ఏటా చందా, విందులు, దానధర్మాలకు ఇచ్చేది అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే తెలుసుకో. హైదరాబాద్‌లోనే ఉంటావు కాబట్టి గోషామహల్ బారాదరి దగ్గరే, కుతుబ్‌షాహీల నాటి ఆ కట్టడంలోనే లాడ్జి సమావేశాలు జరుగుతాయి.