చదువు, డబ్బు ఉన్నవాళ్లకు పీటీఎస్‌డీ రాదా?

బాగా చదువుకుని, మంచి సంపాదన ఉన్నవాళ్లకు పీటీఎస్‌డీ (ప్రాణం మీదికొచ్చే ఘటన తర్వాత ఆ భయం మనసును వదలకుండా పీడించే జబ్బు) రాదంటారు, నిజమేనా అని అడిగారు. వస్తుంది. ఇంజినీరింగ్ చదివి, మంచి జీతం తీసుకుంటున్న నాకే వచ్చింది.

మేం పనిచేసే చోట మంటలు లేచినప్పుడు నేనూ, ఒక మెషిన్ ఆపరేటరూ ఒకే గదిలో చిక్కుకున్నాం. ఒకే తలుపులోంచి బయటపడ్డాం. నాకు జీతంతో నెల రోజుల సెలవు దొరికింది. ఆయనది పనికి వస్తేనే కూలి. నాలుగో రోజుకే మళ్లీ ఆ గదిలో, ఆ మెషిన్ ముందు నిలబడ్డారు. కాలిన రబ్బరు వాసన అప్పటికింకా పోలేదు. తలుపు మూసుకుంటే చేతులు వణికేవట. అందుకే సందులో ఒక చెక్కముక్క పెట్టేవారు. నేను తిరిగి పనిలో చేరేసరికి దాని అంచులు నలిగి పీచులు లేచిపోయాయి.

నాకూ నిద్ర పట్టేది కాదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవాణ్ణి. కానీ దీనికో పేరుందని, నెల దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలని చదివి తెలుసుకున్నాను. ఆయనేమో తనకు పిరికితనం పట్టుకుందనుకుని ఇంట్లో కూడా చెప్పలేదు. చదువు నాకు చేసిన మేలు ఇదే. భయాన్ని ఆపలేదు గానీ, సిగ్గుపడకుండా చూసింది.

2000లో 77 అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ వచ్చింది. చదువు, ఆర్థిక స్థితి తక్కువైతే ముప్పు పెరుగుతుంది కానీ ఆ ప్రభావం చిన్నదేనని అందులో తేలింది. ఘటన తర్వాత తోడు లేకపోవడం, మీద పడే వేరే ఒత్తిళ్లు అంతకన్నా బలంగా పనిచేస్తాయట. నా మటుకు నాకు పేదరికం, ఈ ఒత్తిళ్లు విడివిడిగా కనిపించవు. చేతిలో డబ్బు లేనివాళ్ల మీదే కదా ఆ ఒత్తిళ్లు ముందు పడేది! ఇది తిరగబడుతుంది కూడా. నిద్రలేక ఆయన షిఫ్టులు మానేశారు, దాంతో ఆదాయం ఇంకా తగ్గింది. జబ్బు వల్ల పేదరికమా, పేదరికం వల్ల జబ్బా అన్నది పైకి చూస్తే తెలియదు.

మనసుకు తగిలిన ఆ దెబ్బ మీదే దృష్టి పెట్టే సీబీటీ (మాటల ద్వారా ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్స), ఈఎండీఆర్ (ఆ ఘటనను తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) బాగా పనిచేస్తాయి. నాకు సీబీటీతో నయమైంది. ఆయన్ని ఏడాదిన్నర తర్వాత నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. ఆ పూట కూలి పోతుందని గుమ్మం దాకా వచ్చి కూడా వెనకాడారు.