వెళ్లేటప్పుడు 3 గంటలు, వచ్చేటప్పుడు 7 గంటలా?

సందేహం: మా తమ్ముడు నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు పని మీద లాగోస్ వెళ్తున్నాడు. టికెట్ ప్రకారం వెళ్లడానికి 3 గంటలు, తిరిగి రావడానికి 7 గంటలు పడుతున్నట్టుంది. రెండూ మధ్యలో ఆగని విమానాలే. ఒక వెబ్‌సైట్‌ ఏమో నాలుగున్నర గంటలు అంటోంది. దూరం కూడా గూగుల్ మ్యాప్స్‌లో ఒకటి, ఆ సైట్‌లో ఇంకొకటి. ఏది నమ్మాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. లాగోస్ గడియారం నైరోబీ కంటే 2 గంటలు వెనక ఉంటుంది. వెళ్లేటప్పుడు మీకు వచ్చిన 3కి 2 కలపండి, వచ్చేటప్పటి 7లోంచి 2 తీసేయండి. రెండు వైపులా 5 గంటలే! భూమధ్యరేఖ దగ్గర యూరప్, అమెరికా రూట్లలో ఉన్నంత బలమైన ఎగువ గాలులు ఉండవు కాబట్టి రానూపోనూ పెద్ద తేడా రాదు.

వెబ్‌సైట్ చెప్పిన నాలుగున్నర గంటలు వట్టి భాగహారం. రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గం సుమారు 3,830 కిలోమీటర్లు. దాన్ని గంటకు 850 చొప్పున భాగిస్తే వచ్చేది అదే. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం ఇందులో ఉండవు. అరగంట కలుపుకోవాల్సిందే. కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే ఇలాంటి సైట్లను అసలు పట్టించుకోవద్దు. టికెట్‌లో 'డ్యూరేషన్' అని రాసిందే లెక్క.

గూగుల్ మ్యాప్స్‌లో డైరెక్షన్స్ నొక్కితే వచ్చేది రోడ్డు దూరం. అది ఆఫ్రికాలో ఒక్కోసారి తమాషాగా ఉంటుంది. కాంగో నదికి ఒక ఒడ్డున కిన్షాసా, ఎదుటి ఒడ్డున బ్రజావిల్. రెండు దేశాల రాజధానులు ఒకదానికొకటి కనిపిస్తుంటాయి, మధ్యలో వంతెన మాత్రం లేదు! ఆకాశమార్గం కావాలంటే కంప్యూటర్‌లో మ్యాప్ మీద రైట్ క్లిక్ చేసి 'మెజర్ డిస్టెన్స్' ఎంచుకోండి, రెండో ఊరి మీద క్లిక్ చేయండి. ఫోన్‌లో అయితే ఊరి మీద కాసేపు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, కింద వివరాల్లో అదే ఆప్షన్ ఉంటుంది.

మీ తమ్ముడికి ఇంకో మాట చెప్పండి. గూగుల్ క్యాలెండర్‌లో ఈ ప్రయాణం రాసుకునేటప్పుడు కంప్యూటర్‌లో తెరిచి, మొదలయ్యే సమయానికి నైరోబీ, ముగిసే సమయానికి లాగోస్ టైమ్ జోన్ విడివిడిగా ఇవ్వాలి. మీరు ఫోన్ చేసేటప్పుడు కూడా చూసుకోండి: మన కంటే నైరోబీ రెండున్నర గంటలు వెనక, లాగోస్ నాలుగున్నర గంటలు వెనక.

సందేహం: కైరోలో ఉంటున్నాను. వేసవి రాగానే నా పాత ఫోన్ గంట వెనక చూపిస్తోంది. రిపేరుకు ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. ఈజిప్టు 2023లో వేసవి సమయాన్ని మళ్లీ తెచ్చింది. ఏప్రిల్ చివరి శుక్రవారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌కు ఈ సంగతి తెలియదు. అలాగని టైమ్‌ను చేత్తో జరపకండి, అథెంటికేటర్ యాప్ (లాగిన్ అయ్యేటప్పుడు వేయాల్సిన కోడ్‌లు ఇచ్చే యాప్) ఇచ్చే కోడ్‌లు పనిచేయకుండా పోతాయి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఒక్కటే ఆపేసి, నైరోబీ ఎంచుకోండి. వేసవిలో రెండు ఊళ్లదీ ఒకే టైమ్. అక్టోబరు చివరి వారంలో మళ్లీ కైరోకు మార్చుకుంటే సరి.