అమ్మని ‘మీరు’ అన్న మెసేజ్

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 39 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, రెండేళ్ల క్రితం పోయారు. అమ్మకి 67. ఎంవీపీ కాలనీలోని ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. మా దగ్గరికి రమ్మంటే రాదు. అందుకే ఇక్కణ్నుంచి చేయగలిగినదంతా చేస్తున్నాను. కూరగాయలు, సరుకులు యాప్‌లో బుక్ చేస్తే గుమ్మంలోకి వస్తాయి. అయినా సంచీ పట్టుకుని రైతుబజార్‌కి వెళ్తుంది. హాల్లో కేలెండర్ ఉండే చోట కెమెరా బిగించాను. పగలంతా దాని మీద జాకెట్టు ముక్క కప్పి, రాత్రి తొమ్మిదింటికి తీస్తుంది. నవంబర్‌లో విశాఖ వెళ్లినప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ రెండు నిమిషాల్లో పూర్తిచేశాను. నేను తిరిగి వచ్చేశాక మళ్లీ బ్యాంకుకి వెళ్లిందట. మార్గశిర గురువారం బురుజుపేట అమ్మవారి గుడి క్యూలో నిలబడొద్దంటే వినలేదు. మొన్న పుట్టినరోజుకి ఏఐ చేత మంచి తెలుగులో శుభాకాంక్షలు రాయించి పంపాను. ఫోన్ చేసి, “ఇది ఎవరు రాశార్రా? ఎన్నడూ లేనిది నన్ను మీరు అన్నావు” అంది. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. “మనం ఏం చేసినా అత్తయ్యగారికి నచ్చదు” అంటోంది నా భార్య. నాకు టెన్షన్‌గా ఉంది. నేను చేసిన తప్పేమిటి?

జవాబు: మీరు చేసినవాటిలో ప్రేమ లేకుండా చేసింది ఒక్కటీ లేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత రాసేవి మీకు కొంచెం కష్టంగా అనిపించవచ్చు.

ఆ మెసేజ్‌ని మీరు ఉత్తరంతో పాటు పంపారు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను. “నా జీవితానికి వెలుగుబాట చూపిన మాతృమూర్తీ, మీ త్యాగాలకు శతకోటి వందనాలు” అని మొదలై పన్నెండు లైన్లు ఉంది. అక్షరదోషం ఒక్కటి లేదు. కానీ మాటలు వచ్చిన నాటి నుంచి మీరు ఆవిడని ‘నువ్వు’ అంటున్నారు. మన ఇళ్లలో నాన్నని ‘మీరు’ అనే పిల్లలు కూడా అమ్మ దగ్గరికి వచ్చేసరికి ‘నువ్వు’ అనే అంటారు. జ్వరం వస్తే “అమ్మా, నువ్వు ఇక్కడే కూర్చో” అంటారు. పరీక్ష తప్పితే “నాన్నకి నువ్వే చెప్పు” అంటారు. అంత చనువున్న మాట తీసేసి, ఆ చోట సభల్లో వినిపించే ‘మీరు’ పెడితే తల్లికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఏఐ ఎక్కడెక్కడి రాతలో కోట్ల కొద్దీ చదివి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో లెక్క కట్టి రాస్తుంది. తల్లికి శుభాకాంక్షలు అంటే లోకం మామూలుగా ఏం రాస్తుందో దానికి తెలుసు. మీ అమ్మ ఏం చేసిందో మీరు చెబితే తప్ప తెలియదు. ఆ పన్నెండు లైన్లలో మీ ఇంటి సంగతి ఒక్కటీ లేదు. పేరు మారిస్తే ఎవరి తల్లికైనా పంపవచ్చు. ఆవిడ ముభావానికి కారణం అదే అనుకుంటున్నాను. దాన్ని కోపం అనుకోకండి.

ఇప్పుడు మిగతావన్నీ ఒకసారి వరుసగా తలుచుకోండి. సరుకులు వస్తున్నాయి. డబ్బు వస్తోంది. కెమెరా చూస్తోంది. సర్టిఫికెట్ అయిపోయింది. వచ్చినవి తీసుకోవడం తప్ప ఆవిడ చేయాల్సిన పని ఒక్కటి మిగిలిందా? ముప్పై నలభై ఏళ్లు ఇంటిని నడిపిన మనిషి. ఎవరికి ఏ పూట ఏం కావాలో అడగకుండా పెట్టిన మనిషి. ఆయన పోయి రెండేళ్లయింది, పిల్లలు దూరంగా ఉన్నారు. ఇప్పుడు ఇంకొకరికి పెట్టడానికి చేతిలో ఏమీ లేదు. నన్ను అడిగితే మీ వల్ల జరిగిన పొరపాటు ఇది ఒక్కటే: అమ్మకి కష్టం లేకుండా చేద్దామనుకుని, అమ్మకి పనే లేకుండా చేశారు.

రైతుబజార్ సంగతి చెబుతాను. నేనూ ఎంవీపీ రైతుబజార్‌లోనే కొంటాను. అక్కడ ధరల బోర్డు అందరికీ ఒకటే, బేరాలేమీ పెద్దగా ఉండవు. అయినా నా వయసు ఆడవాళ్లు ఒక్కో కొట్టు దగ్గర ఐదేసి నిమిషాలు నిలబడతారు. ఆకుకూరలమ్మే ఆవిడ నాకోసం గోంగూర కట్ట ఒకటి గోనె కింద దాచి ఉంచుతుంది. రెండు రోజులు కనపడకపోతే మూడో రోజు “మొన్న రాలేదేటమ్మా, ఒంట్లో బాగోలేదా?” అని అడుగుతుంది. నేను మోకాలి నొప్పి అంటే, వాళ్ల అత్తగారి మోకాలి కథ చెబుతుంది. మన రాష్ట్రంలో రైతుబజార్లు వచ్చింది 1999లో. మీరు అప్పటికి హైస్కూల్లో ఉండి ఉంటారు. అప్పట్నుంచీ ఆవిడ వెళ్తోందనుకున్నా పాతికేళ్లు దాటిన పరిచయాలవి. యాప్ కుర్రాడు గుమ్మం దగ్గర సంచీ పెట్టి ఓటీపీ అడిగి పరుగెడతాడు. అతని తప్పేం లేదు పాపం, ఇంకో నాలుగు ఇళ్లకి వెళ్లాలి. బియ్యం బస్తా, నూనె డబ్బాలు, సబ్బులు అతని చేత పంపించండి. అవి మోయడం ఈ వయసులో ఆవిడకి మంచిది కాదు. కూరగాయలు మాత్రం ఆవిడకే వదిలేయండి.

లైఫ్ సర్టిఫికెట్ కూడా అంతే. ఆన్‌లైన్‌లో ఆ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నవంబర్‌లో వచ్చింది. ముఖం చూపిస్తే సరిపోయే పద్ధతి 2021లో మొదలైంది. మంచం దిగలేనివాళ్లకి, రేఖలు అరిగిపోయి వేలిముద్ర పడనివాళ్లకి అది ఎంత మేలు చేసిందో నేను కళ్లారా చూశాను. మీ అమ్మగారు నడవగలరు. నవంబర్‌లో బ్యాంకుకి వెళ్తే వాల్తేరు డివిజన్‌లో మీ నాన్నగారితో కలిసి పనిచేసినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కనపడతారు. “ఎలా ఉన్నారండీ, పిల్లలు బాగున్నారా?” అని అడుగుతారు. మీ నాన్నగారి పేరు అక్కడ ఒకసారి వినిపిస్తుంది. బతికి ఉన్నట్టు నలుగురి ఎదుట కనపడి రావడం ఆవిడకి కావాలి. ఆ ఒక్క రోజు కోసం బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకుని ఉంటారని నా నమ్మకం.

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరైతే మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తల్లి మీద పైకప్పు లేదు. ఎవరైనా వెళ్లి తమ చేత్తోనే పాలు పోసి పసుపు రాసి పూజ చేసుకుంటారు. ఇంకొకరు చేసిపెట్టే పూజైతే ఆవిడ మీ మాట వినేవారేమో. నిలబడలేక కాళ్లు లాగుతాయని మీ భయం. రద్దీ తక్కువున్న వేళ చూసి, తోడు ఎవరినైనా పంపండి. మానేయమని చెప్పకండి.

ఇక కెమెరా. ఆవిడ ప్లగ్గు పీకెయ్యలేదు, గమనించారా? పగలు కప్పి, రాత్రి తొమ్మిదింటికి తీస్తున్నారు. మన ఫ్లాట్లలో బాత్రూమ్‌లోంచి వస్తే హాలు దాటే పూజగదికి వెళ్లాలి. తడి బట్టలతో, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వెళ్లే తల్లిని కొడుకే కావచ్చు, కోడలే కావచ్చు, ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూడటం ఎవరికి బాగుంటుంది? బిగించే ముందు ఆవిడని అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట నాకు కనపడలేదు. రాత్రి తీస్తున్నారంటే, పడుకునే ముందు మీరు ఒకసారి చూడాలని ఆవిడకీ ఉంది. కాకపోతే మీరు ఆవిడకి కనపడరు. కెమెరాకి అటువైపు ఎవరున్నారో, అసలు చూస్తున్నారో లేదో తెలియదు. అదే తొమ్మిదింటికి మీరు వీడియో కాల్ చేస్తే ఒకరికొకరు కనపడతారు. కెమెరాని హాల్లోంచి తీసి వీధి తలుపు బయట పెట్టండి, వచ్చేవాళ్లెవరో ఆవిడే లోపలినుంచి చూసుకుంటారు. జారిపడతారని భయమైతే బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి రాడ్డు వేయించండి, జారని పట్టా పరిపించండి. పడ్డాక చూడటం కన్నా పడకుండా ఆపడం మేలు. ఇంటి తాళంచెవి ఒకటి ఎదురు ఫ్లాట్‌వాళ్ల దగ్గర ఉంచండి. వాళ్ల నంబర్ మీ ఫోన్‌లో ఉందా?

ఈ మాట ఊరికే అడగటం లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను గాజువాకలో ఉన్నాను, మా అమ్మ పెదవాల్తేరులో ఒక్కతే ఉంది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఆ రాత్రి ఎలా గడిచిందో ఇప్పటికీ తలుచుకోలేను. మర్నాడు కూలిన చెట్లు దాటుకుంటూ, సగం దూరం నడిచి, మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. తలుపుకి తాళం వేసి ఉంది. గుండె ఆగినంత పనైంది. మా అమ్మ పక్కింటి వంటగదిలో పీట మీద కూర్చుని, వాళ్ల ఇద్దరు పిల్లలకి ఆవకాయ అన్నం ముద్దలు కలిపి పెడుతోంది. కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా నీళ్లయితే, తెల్లారగానే తలుపు కొట్టి ఆవిడని అక్కడికి తీసుకెళ్లింది రోజూ పాలు వేసే అతను. పదేళ్లుగా రోజూ పొద్దున్నే రెండు మాటలు మాట్లాడుకున్న పరిచయం అది. ఆ పాలు, కూరగాయలు అన్నీ యాప్‌లోంచే వచ్చి ఉంటే ఆ పొద్దున మా అమ్మ తలుపు ఎవరు కొట్టేవారు? మన ఊరికి తుపాన్లు కొత్త కాదు. మీ అమ్మగారు సంచీ పట్టుకుని బయటికి వెళ్లినప్పుడల్లా అలాంటి మనుషుల్ని సంపాదించుకుని వస్తున్నారు.

అలాగని ఫోన్ వద్దని నేను అనను. మీకూ ఆవిడకీ మధ్య దూరం ఉంది, దాన్ని ఫోనే మోయాలి. కానీ ఫోన్‌లో ఏం మాట్లాడుకుంటున్నారు? “తిన్నావా? మాత్ర వేసుకున్నావా? సరే అయితే, ఉంటాను.” ఇది హాజరు పిలిచినట్టు ఉంటుంది. ఆవిడ దగ్గర్నుంచి మీకు కావాల్సినది అడగండి. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో అడగండి, వీడియో కాల్‌లో పెట్టుకుని ఆవిడ చెబుతుంటే మీరే వండండి. మాడితే మాడనివ్వండి. పిల్లలుంటే వాళ్ల చేత కాగితం మీద నాలుగు తెలుగు ముక్కలు రాయించి పోస్టు చేయించండి. తప్పులు దిద్దకండి, వాటిని దిద్దే పని నానమ్మది.

పుట్టినరోజు మెసేజ్‌కి క్షమాపణ ఇంకో మెసేజ్‌లో చెప్పకండి. ఫోన్ చేసి, “అమ్మా, అది నేను రాయలేదు, టైమ్ లేక రాయించాను, తప్పయింది” అనండి. తర్వాత మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి. ఆవిడ మీకు చేసినది, ఇంకెవరికీ తెలియనిది. భాష బాగుండక్కర్లేదు.

మీ భార్యని ఈ గొడవలోకి లాగకండి. ఆవిడ బాధలోనూ అర్థం ఉంది. ఇంత చేస్తున్నా మెప్పు లేదనిపిస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి చదవండి. హైదరాబాద్‌కి రమ్మని ఇప్పుడే ఒత్తిడి చేయకండి, నెల రెండు నెలలు ఉండి వెళ్లమని పిలవండి.

ఇంకో విషయం తప్పకుండా చెప్పండి. పోలీసులమని, సీబీఐ వాళ్లమని వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ బెదిరించేవాళ్లు ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లని గంటల తరబడి ఫోన్ పెట్టెయ్యనివ్వరు. అలాంటి అరెస్ట్ మన చట్టంలో లేదు. ఫోన్ కట్ చేసి మీకు చెప్పాలి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అమాయకత్వం అని ఆవిడని తిట్టకుండా చెప్పండి, తిడతారని భయపడితే రేపు నిజంగా జరిగినప్పుడు మీ దగ్గర దాస్తారు.

రైతుబజార్‌కి వెళ్లడం ఆవిడే మానేసినా, తిండి తగ్గినా, రాత్రిళ్లు నిద్ర లేకపోయినా, ఎప్పుడూ కన్నీళ్లు పెట్టుకుంటున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ కూడా ఉంది. ప్రస్తుతం మీరు రాసినదాన్ని బట్టి ఆవిడ గట్టి మనిషే.

వచ్చే శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెల్లారేసరికి వైజాగ్‌లో ఉంటారు. కొత్త వస్తువేదీ తేకండి. ఆవిడతో రైతుబజార్‌కి వెళ్లి సంచీ మీరు పట్టుకోండి, ముందు నడవకండి. ఆవిడని ఎవరెవరు పలకరిస్తారో, “మా అబ్బాయి” అని ఆవిడ ఎలా చెబుతారో చూడండి. ఇంటికొచ్చి హాల్లో కెమెరా విప్పి, కేలెండర్ మళ్లీ ఆ మేకుకే తగిలించండి. పాల లెక్క, గ్యాస్ తెచ్చిన తేదీ ఆవిడ దాని మీదే రాసుకునేవారు కదా. పెన్ను ఆవిడ చేతికిచ్చి, మీరు మళ్లీ వచ్చే తేదీ దాని మీద రాయించండి. రాయించాక ఆ తేదీకి వెళ్లండి.