ఫైల్ సర్వర్‌లో ఎవరికి ఏ ఫోల్డర్: ముందే కట్టుదిట్టం చేసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త విండోస్ సర్వర్‌ను డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లనూ అకౌంట్లనూ ఒక్కచోటినుంచి నడిపే ఏర్పాటులో) చేర్చావనీ, అకౌంట్స్, జీతాలు, స్టోర్స్, సేల్స్ ఫోల్డర్లన్నీ అందులోకి మార్చబోతున్నావనీ రాశావు. ఎవరికి ఏది ఇవ్వాలో జాబితా కూడా పంపావు, సంతోషం. కాకపోతే ఆ జాబితాలో ప్రతి ఫోల్డర్ ఎదురుగా మనుషుల పేర్లున్నాయి. అది అలాగే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లోకి ఎక్కించకు. ఫోల్డర్ మీద ఒక్క మనిషి పేరు కూడా ఉండకూడదు, గ్రూపులే ఉండాలి. లేకపోతే రెండేళ్లు పోయాక "జీతాల ఫైళ్లు ఎవరెవరు చూడగలరు?" అని యజమాని అడిగిన రోజున వందల ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటూ కూర్చోవాలి. గ్రూపులుంటే యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్‌లోని అకౌంట్లు, గ్రూపుల పట్టికలో) ఒక్క గ్రూపు తెరిస్తే జవాబు దొరుకుతుంది.

గ్రూపులు ఇలా పెట్టుకో. ఒక్కో ఫోల్డర్‌కు రెండు డొమైన్ లోకల్ గ్రూపులు: చదవడానికి "ఎఫ్ఎస్-అకౌంట్స్-ఆర్", రాయడానికి "ఎఫ్ఎస్-అకౌంట్స్-ఆర్‌డబ్ల్యూ". పర్మిషన్ ఇచ్చేది వీటికే. పని చేసే మనుషులకు వేరేగా గ్లోబల్ గ్రూపులు, అకౌంట్స్ వాళ్లకొకటి, స్టోర్స్ వాళ్లకొకటి. మనిషిని గ్లోబల్ గ్రూపులో వేస్తావు, గ్లోబల్ గ్రూపును డొమైన్ లోకల్ గ్రూపులో వేస్తావు, అంతే. ముప్ఫై మంది ఉన్న ఆఫీసుకు ఈ రెండంచెలు ఎందుకు అనిపిస్తుంది. పెట్టడానికి అరపూట పడుతుంది, ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్లకైనా, సెక్షన్ మారినవాళ్లకైనా ఫోల్డర్ జోలికే వెళ్లక్కర్లేదు. గ్రూపు డిస్క్రిప్షన్‌లో ఆ ఫోల్డర్ దారి, ఎవరు సరే అంటే చేర్చాలో రాసి పెట్టు. ఆ సర్వర్‌లోనే ఉండే లోకల్ గ్రూపులు మాత్రం వాడకు. రేపు సర్వర్ మారితే కొత్త మెషీన్‌కు ఆ గ్రూపులెవరో తెలియవు, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎస్-1-5-21 తో మొదలయ్యే పొడుగాటి నంబర్లు మిగులుతాయి.

ఇక షేర్ పర్మిషన్ (ఫోల్డర్‌ను నెట్‌వర్క్‌లో తెరిచే దారికి పెట్టేది), ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్ (డిస్కు మీది ఫోల్డర్‌కే సెక్యూరిటీ ట్యాబ్‌లో పెట్టేది) రెండూ వేరు. నెట్‌వర్క్ మీద వచ్చినవాడికి రెండూ చూస్తారు, రెండింట్లో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ లోపల మాత్రం ఒక మనిషి నాలుగు గ్రూపుల్లో ఉంటే నాలుగూ కలుస్తాయి. ఈ రెండు లెక్కలూ కలగాపులగం చేసుకోవడం వల్లనే సగం తలనొప్పులు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో షేర్ చేస్తే ఎవ్రీవన్‌కు రీడ్ అని పడుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో నువ్వు మాడిఫై (చదివి, మార్చి, డిలీట్ చేసే హక్కు) ఇచ్చినా వాళ్లకు సేవ్ కాదు. అందుకని షేర్ దగ్గర ఒక్కసారి సర్ది వదిలెయ్: ఎవ్రీవన్ తీసేసి, ఆథెంటికేటెడ్ యూజర్స్‌కు (లాగిన్ అయిన వాళ్లందరికీ) చేంజ్, అడ్మిన్లకు ఫుల్ కంట్రోల్. ఆ తర్వాత పంపకమంతా ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే. అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి కింద చూసుకోవచ్చు కదా అని కొందరంటారు. ఫైల్ సృష్టించినవాడు దాని ఓనర్, ఓనర్‌కు తన ఫైల్ పర్మిషన్లు మార్చుకునే హక్కు ఉంటుంది. షేర్‌లో చేంజ్ వరకే ఇస్తే నెట్‌వర్క్ మీదనుంచి ఆ పని చేయలేడు. ఒక్కటి గుర్తుంచుకో, షేర్ పర్మిషన్ నెట్‌వర్క్ దారికే. సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో దిగి డి డ్రైవ్ నేరుగా తెరిచినవాడిని అది ఆపదు.

ఎక్కువమంది చూసుకోనిది డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది. కొత్త డి డ్రైవ్ ఫార్మాట్ చేయగానే దాని మీద యూజర్స్ అనే లోకల్ గ్రూపుకు చదివే హక్కు, ఫోల్డర్లు సృష్టించే హక్కు ఉంటాయి. మెషీన్ డొమైన్‌లో చేరినప్పుడు డొమైన్ యూజర్స్ మొత్తం ఆ యూజర్స్‌లోకి వచ్చి కూర్చుంటారు. అంటే డి డ్రైవ్‌లో నువ్వు జీతాల ఫోల్డర్ పెట్టి, దానికి పే రోల్ గ్రూపును జాగ్రత్తగా జోడించినా, పైనుంచి దిగిన యూజర్స్ లైను వల్ల ఆఫీసంతా దాన్ని చదవగలదు. కనుక ముందు డి డ్రైవ్‌లో డేటా అనే ఒక్క ఫోల్డర్ పెట్టు. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి డిసేబుల్ ఇన్హెరిటెన్స్ (పైనుంచి హక్కులు దిగడం ఆపేది) నొక్కు. రెండు దారులు అడుగుతుంది; ఉన్నవాటిని ఎక్స్‌ప్లిసిట్‌గా (ఆ ఫోల్డర్ మీదే రాసినవిగా) మార్చేది ఎంచుకో, అన్నీ ఒక్కసారే తీసేసేది వద్దు. తర్వాత యూజర్స్ పేరుతో ఉన్న లైన్లన్నీ తీసెయ్. ఎవ్రీవన్ ఉంటే అదీ, క్రియేటర్ ఓనర్ కూడా తీసెయ్. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ మిగలాలి. ఇప్పుడు ఆథెంటికేటెడ్ యూజర్స్‌కు రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ ఇచ్చి, అప్లైస్ టు దగ్గర "దిస్ ఫోల్డర్ ఓన్లీ" పెట్టు. వాళ్లు డేటా ఫోల్డర్ తెరవగలరు, కింద ఉన్నవాటికి ఆ హక్కు దిగదు.

ఇలా చేస్తే డిపార్ట్‌మెంట్ ఫోల్డర్లలో ఎక్కడా ఇన్హెరిటెన్స్ తెంచాల్సిన పని ఉండదు. ఒక్క డేటా ఫోల్డర్‌నే షేర్ చేసి, సర్వర్ మేనేజర్‌లో ఆ షేర్ సెట్టింగ్స్‌కు వెళ్లి యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ టిక్ పెట్టు. హక్కు లేని ఫోల్డర్ పేరు కూడా వాళ్లకు కనబడదు. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే దాచినట్టే అనుకునేవాళ్లున్నారు. పేరు తెలిసినవాడికి అదేం అడ్డం కాదు.

డిపార్ట్‌మెంట్ ఫోల్డర్ మీద ఆర్‌డబ్ల్యూ గ్రూపుకు ఒక లైను కాదు, రెండు లైన్లు రాయాలి. మొదటిది "దిస్ ఫోల్డర్ ఓన్లీ": రీడ్ అండ్ ఎగ్జిక్యూట్, దానితో పాటు క్రియేట్ ఫైల్స్, క్రియేట్ ఫోల్డర్స్. రెండోది "సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ": మాడిఫై. ఒకేసారి మాడిఫై ఇచ్చేస్తే పోలేదా అంటే, మాడిఫైలో ఆ ఫోల్డర్‌నే డిలీట్ చేసే హక్కు కూడా ఉంది. రెండు డిపార్ట్‌మెంట్లలోనూ హక్కున్న మేనేజర్ మౌస్ కాస్త జారవిడిస్తే అకౌంట్స్ ఫోల్డర్ మొత్తం స్టోర్స్ లోపలికి వెళ్లిపోతుంది, "మా ఫోల్డర్ మాయమైంది సార్" అని ఫోన్ వస్తుంది. రెండు లైన్ల పద్ధతిలో పై ఫోల్డర్ కదలదు, లోపల పని మామూలుగా జరుగుతుంది. లోపలి సబ్‌ఫోల్డర్లు జారే ప్రమాదం మాత్రం ఉంటుంది, దానికి మందు లేదు. ఫుల్ కంట్రోల్ ఏ యూజర్‌కూ ఇవ్వకు, ఎండీ గారైనా సరే.

జీతాలు తమ ఫోల్డర్ లోపలే ఉండాలని అకౌంట్స్ వాళ్లు పట్టుబడతారు. ఒప్పుకోకు, పక్కన విడిగా పెట్టు. పర్మిషన్లు మొదటి అంచెలోనే ఆగిపోవాలి; మూడో నాలుగో అంచెలో వేరే హక్కులు మొదలైతే ఎవరి చేతికీ చిక్కదు. డినై (హక్కు నిరాకరించే లైను) కూడా అంతే, దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. ఆ ఫోల్డర్ మీదే పెట్టిన డినై మొదట, ఆ ఫోల్డర్ మీదే పెట్టిన అలౌ తర్వాత, పైనుంచి దిగిన డినై ఆ తర్వాత, పైనుంచి దిగిన అలౌ చివర. ఆ వరుసలో చూస్తుంది సిస్టమ్. పైన డినై పెట్టాను కదా అని నిశ్చింతగా ఉంటే కింద ఎవరో ఇచ్చిన అలౌ దాన్ని దాటేస్తుంది. డొమైన్ యూజర్స్‌కు డినై పెడితే నీ అడ్మిన్ అకౌంట్ కూడా అందులో ఇరుక్కుంటుంది.

"మార్చుకోవచ్చు, కానీ డిలీట్ చేయకూడదు, అలా పెట్టు" అని తప్పకుండా అడుగుతారు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకు అది కుదరదు. సేవ్ నొక్కగానే ఎక్సెల్ ఉన్న ఫైల్‌లోనే రాయదు. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్ ఒకటి రాసి, పాతదాన్ని తప్పించి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. డిలీట్ హక్కు తీసేస్తే సేవ్ దగ్గర ఎర్రర్ వస్తుంది, ఫోల్డర్ నిండా టీఎంపీ ఫైళ్లు పేరుకుంటాయి. దానికి బదులు డ్రైవ్ మీద షాడో కాపీలు (ఆయా వేళలకు ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచిపెట్టే నకళ్లు) ఆన్ చెయ్. మామూలు షెడ్యూల్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7కు, మధ్యాహ్నం 12కు. శనివారం పనిచేసే ఆఫీసైతే అది కూడా చేర్చు, సాయంత్రం ఇంకొకటి చేర్చు. ఒక డ్రైవ్‌కు 64 కాపీలకు మించి ఉండవు. డిలీట్ అయిన ఫైల్‌ను ప్రీవియస్ వెర్షన్స్‌లోంచి వాళ్లే తెచ్చుకుంటారు. డిస్కు పోతే మామూలుగా ఇవీ దాంతోపాటే పోతాయి గనుక బ్యాకప్ వేరుగా ఉండాల్సిందే.

కట్ పేస్ట్ సంగతి కాస్త నిదానంగా చదువు. జీతాల ఫోల్డర్‌లోంచి ఒక ఎక్సెల్ షీట్‌ను కాపీ చేసి అందరూ వాడే కామన్ ఫోల్డర్‌లో వేస్తే అది కొత్త ఫైల్, కామన్ హక్కులు తీసుకుంటుంది. అదే కట్ చేసి వేస్తే, రెండు ఫోల్డర్లూ ఒకే డ్రైవ్ మీద ఉన్నాయి కాబట్టి ఫైల్ కదలదు, దారి పేరు మారుతుంది, పాత హక్కులు చాలాసార్లు వెంటే వస్తాయి. కామన్‌లో ఫైల్ ఉన్నా మిగతావాళ్లకు యాక్సెస్ డినైడ్. ఇదైనా నయం, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. తిరగేసి జరిగితే చప్పుడుండదు: కామన్‌లో తయారుచేసిన షీట్‌ను కట్ చేసి జీతాల్లో వేస్తే, దారి తెలిసినవాడెవడైనా దాన్ని తెరవగలడు. పై ఫోల్డర్‌లో హక్కు లేకపోయినా పూర్తి దారి కొడితే కింది ఫైల్ తెరుచుకుంటుంది, విండోస్‌లో మామూలుగా అందరికీ ఆ వెసులుబాటు ఉంటుంది. దీనికి నెలకోసారి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో, ఫైళ్ల పర్మిషన్లను పై ఫోల్డర్‌వాటికి తిరిగి సర్దే ఐక్యాకల్స్ (icacls) కమాండ్‌ను /రీసెట్ /టి /సి తో నడుపు. దారి చివర డిపార్ట్‌మెంట్ ఫోల్డర్ పేరుతో ఆపకు, వెనక స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టు. నక్షత్రం లేకుండా నడిపితే డిపార్ట్‌మెంట్ ఫోల్డర్ మీద నువ్వు రాసిన ఆ రెండు లైన్లూ చెరిగిపోతాయి. నడిపే ముందు ఐక్యాకల్స్ /సేవ్ తో డేటా ఫోల్డర్ పర్మిషన్లన్నీ ఒక ఫైల్‌లో భద్రపరచు. తిరిగి పెట్టాల్సి వస్తే /రిస్టోర్‌కు ఇవ్వాల్సింది డేటా ఫోల్డర్ దారి కాదు, దాని పైనున్న డి డ్రైవ్ దారి.

"గ్రూపులో చేర్చారట, ఇంకా రావట్లేదు" అనే ఫోన్ వారానికోటి వస్తుంది. గ్రూపుల జాబితా లాగిన్ సమయంలో టికెట్‌లో (డొమైన్ ఇచ్చే గుర్తింపు చీటీలో) పడుతుంది. సైన్ ఔట్ చేసి మళ్లీ లోపలికి రమ్మను. స్క్రీన్ లాక్ చేసి తీయడాన్ని నమ్ముకోకు. తీసేసినప్పుడూ ఇదే లెక్క, టికెట్ మామూలుగా 10 గంటలు చెల్లుతుంది. ఉద్యోగం నుంచి పంపేసినవాడైతే అకౌంట్ డిసేబుల్ చేసి, కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద వాడి సెషన్ తెంచి, వాడి మెషీన్ కూడా సైన్ ఔట్ చేయించు. అకౌంట్ వెంటనే డిలీట్ చేయకు. మళ్లీ అదే పేరుతో సృష్టించినా లోపలి నంబర్ వేరే పడుతుంది, పాత హక్కులేవీ తిరిగి రావు.

నువ్వే సర్వర్‌లో కూర్చుని ఫోల్డర్ తెరిస్తే "హక్కు లేదు, కంటిన్యూ నొక్కు" అని ఒక డబ్బా వస్తుంది. నొక్కకు. నొక్కితే నీ పేరు ఆ ఫోల్డర్ మీదా కిందా శాశ్వతంగా రాసేస్తుంది. డేటా మీద "ఎఫ్ఎస్-అడ్మిన్" అనే గ్రూపుకు ఫుల్ కంట్రోల్ ఇచ్చి, అందులో చేరి, నీ మెషీన్ నుంచి షేర్ దారిలోనే చూసుకో.

టాలీ డేటా ఫోల్డర్ షేర్‌లో పెట్టి నలుగురు వాడుతుంటే నలుగురికీ మాడిఫై తప్పదు. అంటే ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడమూ వాళ్ల చేతిలో పనే. టాలీ లోపల పెట్టిన యూజర్ హక్కులు ఫోల్డర్‌ను కాపాడవు. ఈ మాట యజమానికి ముందే చెప్పెయ్.

స్కానర్‌కు విడిగా ఒక అకౌంట్ పెట్టి స్కాన్ ఫోల్డర్ వరకే రాసే హక్కు ఇవ్వు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ జెరాక్స్ మెషీన్‌లో టైపు చేసి వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. పాత మెషీన్ ఎస్ఎంబీ వన్ (ఫైల్ షేరింగ్‌కు పాత పద్ధతి) ఉంటేనే పనిచేస్తానంటే సర్వర్‌లో దాన్ని తెరవకు, 2017 మే నెలలో వన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది ఆ దారినే. ఆ స్కాన్లు మెయిల్‌కు పంపించుకోమను.

పాత సర్వర్ నుంచి ఫైళ్లు తెచ్చేటప్పుడు పాత పర్మిషన్లు తేవద్దు, ఆ చెత్తంతా అక్కడే ఉండనీ. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్‌కు /ఇ /కాపీ:డీఏటీ /బి /ఆర్:1 /డబ్ల్యూ:1 ఇచ్చి, లాగ్ ఫైల్ పెట్టు. ఆర్, డబ్ల్యూ చెప్పకపోతే తెరిచి ఉన్న ఒక్క ఫైల్ దగ్గర 30 సెకన్లకోసారి, పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. మిర్ స్విచ్ వాడితే మూలంలో లేనివి గమ్యంలో చెరిపేస్తుంది కనుక దారులు తారుమారు కాకుండా చూసుకో. పగలు ఒకసారి నడుపు, ఆఫీసు మూశాక పాత షేర్‌ను రీడ్‌కు మార్చి రెండోసారి నడుపు.

ఆడిట్ (ఎవరేం చేశారో లాగ్‌లో రాయించడం) జీతాల ఫోల్డర్ మీద ఒక్కదాని మీదే, అదీ రాయడం, డిలీట్ చేయడం వరకే పెట్టు. ఈవెంట్ 4663, 4660 చూడాలి. చదవడం కూడా రాయించబోతే సెక్యూరిటీ లాగ్ నిండిపోయి పాతవి కొట్టుకుపోతాయి.

పరీక్షించేది నీ అకౌంట్‌తో కాదు. ప్రతి గ్రూపుకూ ఒక టెస్ట్ యూజర్‌ను పెట్టి, సర్వర్ మీద కాకుండా ఒక మామూలు డెస్క్‌టాప్ నుంచి లాగిన్ అవ్వు. ఎక్సెల్ ఫైల్ తెరిచి సేవ్ చెయ్, పేరు మార్చు, డిలీట్ చెయ్, డిపార్ట్‌మెంట్ ఫోల్డర్‌ను లాగడానికి చూడు, జీతాల దారి చేత్తో టైపు చేసి చూడు. ముందు కామన్, స్టోర్స్ మార్చి రెండు రోజులు నడవనీ. జీతాలు చివర్లో, అదీ జీతాలు పడిపోయాక మార్చు. నెలాఖరు వారంలో దాని జోలికి పోవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న