వాసన బాగుంటే సరుకు మంచిదేనా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. దాదాపు అందరూ అడిగింది కొట్లో కొన్న తిండి గురించే. అందుకే మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేసి ఈ శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: సాయంత్రం మిఠాయి కొట్లో విరిచిన పాలతో చేసే ఛెనా స్వీట్లు కొన్నాం. వాసన, రుచి అన్నీ బాగానే ఉన్నాయి. మూడు గంటలు తిరక్కుండా తిన్న నలుగురికీ ఒకటే వాంతులు. ముట్టుకోని మా అత్తగారికి ఏమీ కాలేదు. కొట్టాయన్ని అడిగితే "సలసలా కాగే పాకంలో ఉడికించిన సరుకమ్మా, అందులో క్రిములెలా బతుకుతాయి?" అంటున్నాడు. నిజమేనా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: సగం నిజమమ్మా. ఉడికిస్తే బాక్టీరియా చస్తుంది, కానీ చచ్చేలోపు అది సరుకులో వదిలిన విషం పోదు. తిన్న కొద్ది గంటల్లోనే, తిన్నవాళ్లందరికీ ఒకేసారి వాంతులు అయ్యాయంటే నాకు మొదట అనుమానం వచ్చేది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద. దీని విషం తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపే మనిషిని పడేస్తుంది. పరీక్ష చేయకుండా ఇదేనని తేల్చలేం గానీ, పాల మిఠాయిలతో దీనికి పాత చుట్టరికమే ఉంది.

ఇది ఎక్కడో మురికి గుంటలో పుట్టేది కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ముక్కులో, చర్మం మీద కూడా ఉంటుంది. గాయాల్లో, సెగ్గడ్డల్లో మరీ ఎక్కువ. ఇక ఛెనా తయారీ చూడండి, పాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి నీళ్లు ఓడ్చి, ఆ ముద్దని చేత్తో మెత్తగా పిసికితే గానీ రసగుల్లాకి పనికిరాదు. పిసికేవాడి వేలికి గాయం ఉండి, ఆ ముద్ద మధ్యాహ్నం ఎండలో, కరెంటు లేని గదిలో గంటల కొద్దీ బల్ల మీద ఉండిపోతే, పాకంలోకి దిగే సరికే పని అయిపోయింది. ఉడికి చల్లారాక చేత్తో సర్దేటప్పుడు చేరినా అంతే. రంగు మారదు, పులుపు తగలదు, ముక్కుకి ఏమీ తెలీదు. మీరు వాసన చూసి కొన్నారు కాబట్టి మీ తప్పేమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు, కానీ ఈ విషయంలో ముక్కు పనికిరాదు.

పనికొచ్చేది గడియారం. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉన్న వేడిలో తిండిలోని బాక్టీరియా పెరుగుతుంది, మన వేసవి పూర్తిగా ఆ లోపలే ఉంది. అనుకూలంగా ఉంటే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. అందుకే కొట్లో "బాగున్నాయా?" అని కాకుండా "ఎప్పుడు చేశారు, అప్పట్నుంచి ఎక్కడ పెట్టారు?" అని అడగండి. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ఉంది. ఆ చీటీ లేకపోతే అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ హక్కు.

ప్రశ్న: ఆదివారం చికెన్ తెచ్చి ఉప్పు, పసుపు వేసి నాలుగు నీళ్లు పోసి కడుగుతాను. కళ్ల ముందు కోయించిన కోడే. ఇంకా ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– రాయగడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కడగడం మానేయండి. చాలామందికి ఇది నచ్చదని తెలుసు, మా ఇంట్లోనూ ఒప్పుకోరు. కానీ సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాలు బతికున్న కోడి పేగుల్లోనే ఉంటాయి, కోడికి జబ్బేమీ కనిపించకపోవచ్చు. కోసేటప్పుడు, ఈకలు పీకే డ్రమ్ములో తిప్పేటప్పుడు అవి మాంసానికి అంటుకుంటాయి, ఒక కోడివి ఇంకో కోడికి కూడా. కాబట్టి తాజాగా కోశారంటే క్రిములు లేవని కాదు. కుళాయి కింద పెట్టి కడిగితే అవి పోకపోగా, తుంపర్లతో పాటు సింకు మీదా, పక్కనున్న పళ్లేల మీదా, పచ్చిగా తినే కొత్తిమీర మీదా పడతాయి. పసుపు, ఉప్పు రుచికి పట్టించుకోండి, బాగుంటుంది, బాక్టీరియాకి అది మందు కాదు.

చంపేది వేడి ఒక్కటే. ముక్క లోపలి దాకా 75 డిగ్రీలకి చేరాలి, ఎముక దగ్గర ఎర్రటి నీరు కనిపించకూడదు. చికెన్ కోసిన కత్తితో, చెక్కతో ఉల్లిపాయలు కోయొద్దు, ముందు సబ్బుతో కడగండి. సంతలో కొన్నప్పుడు చికెన్ కవరు కూరగాయల సంచిలో కలిపి పడేస్తాం, అదీ వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి గర్భిణి, ఐదో నెల. కిరాణా కొట్లో ఫ్రిజ్‌లో పెట్టిన పన్నీరు, పాల పాకెట్లు కొంటున్నాం. ఫ్రిజ్‌లో ఉన్నవి కాబట్టి టెన్షన్ లేదు కదా?
– గుణుపురం నుంచి ఒక తల్లి

జవాబు: టెన్షన్ పడొద్దు, కానీ ఫ్రిజ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. చల్లదనం చాలా బాక్టీరియాల్ని నెమ్మదింపజేస్తుందే గానీ చంపదు. పైగా లిస్టీరియా అనే ఒకటి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు మాత్రమే ఉండొచ్చు, కడుపులో బిడ్డకి మాత్రం ప్రాణాపాయం. తిన్న కొన్ని వారాలకి బయటపడే జబ్బు కాబట్టి దేని వల్ల వచ్చిందో పట్టుకోవడం కష్టం. 2017–18లో దక్షిణాఫ్రికాలో వెయ్యి మందికి పైగా దీని బారిన పడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో అప్పుడే పుట్టిన పిల్లలు చాలామంది. చివరికి తేలింది ఏమిటంటే, దుకాణాల్లో కొని వేడి చేయకుండా తినే ఒక రకం ప్యాక్ చేసిన మాంసం.

కాబట్టి మీ అమ్మాయికి పన్నీరు పచ్చిగా పెట్టకుండా కూరలో పొగలు వచ్చేలా ఉడికించి పెట్టండి. పాలు మనం ఎలాగూ కాచుకుంటాం, అది చాలు. ఆ కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు నిక్షేపంగా తినొచ్చు. ప్యాకెట్‌లో వచ్చే సాసేజ్‌లు, సలామీలు బాగా వేడి చేయకుండా పెట్టకండి. కొన్ని కొట్లలో కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రి ఫ్రిజ్ ఆపేస్తారు. ఐస్‌క్రీమ్ కప్పు వంకరపోయి, లోపల మంచు పలుకులు కట్టి ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు. అలాంటి కొట్లో చల్లటి సరుకు ఏదీ కొనొద్దు.

ప్రశ్న: సాయంత్రం మోమోలు, రోల్స్‌తో ఇచ్చే తెల్లటి మయోనైజ్ మంచిదేనా?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: పచ్చిగుడ్డుతో చేసినదైతే వద్దు బాబూ. గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే దాన్ని చంపే వేడి ఎక్కడా తగలదు, పైగా బండి మీద గంటల తరబడి బయటే ఉంటుంది. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది కూడా. చట్నీ వేయించుకో.

ప్రశ్న: కొట్లో సరుకు వల్లే జబ్బు చేసిందని అనుమానం ఉంటే ఎవరికి చెప్పాలి? మాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.
– బరంపురం నుంచి ఇంకొకరు

జవాబు: ముందు ఒక పని, మిగిలిన ముక్క పారేయకండి. కవరులో మూతి కట్టి ఫ్రిజ్‌లో విడిగా పెట్టండి, బిల్లు, ప్యాకెట్ దాచండి. ప్యాకెట్ మీదా, కొట్లో గోడ మీదా 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటుంది, అది ఫోటో తీయండి. 1800112100 టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చేయొచ్చు, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. జిల్లా ఆహార భద్రతా అధికారికి కాగితం ఇవ్వాలంటే ఒడియా బడిలో చదువుకునే పిల్లల చేత రాయించండి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారే రుసుము కట్టి సరుకు పరీక్ష చేయించుకోవచ్చు, కాకపోతే కొనేటప్పుడే ఆ సంగతి దుకాణదారుకి చెప్పాలి.

ఈలోపు మనిషిని చూసుకోండి. వాంతులు, బేదులు అయితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. విరేచనంలో రక్తం పడినా, పిల్లలు మగతగా ఉన్నా, మూత్రం రావడం తగ్గినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, బేదులు ఆపే మాత్రలు సొంతంగా వేయొద్దు. డాక్టరుకి ఏం తిన్నారో, ఎన్ని గంటలకి తిన్నారో, ఇంకెవరికి ఇలా అయిందో చెప్పండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మలం పరీక్షకి తీసుకోమని అడగండి.