నాటకాల్లో పీజీ చేస్తానంటున్నాడు, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి బీకాం ఫైనలియర్. కాలేజీలో నాలుగైదు నాటికలు వేశాడు, ఇప్పుడు థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తానని పట్టుబట్టాడు. వాళ్ల నాన్నగారు ఎంబీఏ చేయాల్సిందే అంటున్నారు. ఇంట్లో రోజూ గొడవే. ఇదంతా సినిమాల కోసమేనా? ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, ముందు సినిమా సంగతి తేల్చేద్దాం. సినిమా అవకాశం ఇప్పించే యూనివర్సిటీ ఏదీ లేదు. థియేటర్ ఆర్ట్స్ చదివి సినిమాల్లో స్థిరపడ్డవాళ్లు ఉన్నారు, అది చదవకుండా స్థిరపడ్డవాళ్లు అంతకంటే చాలామంది ఉన్నారు. మీ అబ్బాయి మనసులో ఉన్నది హీరో కావడం ఒక్కటే అయితే, రెండేళ్ల పీజీ దానికి దగ్గరి దారి కాదని అతనికి సూటిగా చెప్పండి.

కానీ అతనికి నాటకమే ఇష్టమైతే లెక్క వేరు. ఈ కోర్సంటే నటన నేర్పడమేనని చాలామంది అనుకుంటారు. వాచికం (మాట పలికే తీరు), ఒంటి కసరత్తు, దర్శకత్వం, లైటింగ్, సెట్, కాస్ట్యూమ్స్, మేకప్, భరతుడి నాట్యశాస్త్రం దగ్గర్నుంచి జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ దాకా నాటక చరిత్ర, ఇవన్నీ చదవాలి, చేయాలి కూడా, పైగా ప్రదర్శన దగ్గరపడితే రిహార్సల్స్ అర్ధరాత్రి దాకా సాగుతాయి. అందుకే అతన్ని ఒకటే అడగండి: "ఈసారి నీకు వేషం లేదు, నెల రోజులు లైట్లు చూసుకో అంటే చేస్తావా?" ఆ ప్రశ్నకు మొహం ముడుచుకుంటే ఆలోచించాలి. ఏ లైటు, ఎవరి నాటకం అని ఎదురడిగితే మాత్రం అతని ఇష్టాన్ని గట్టిగానే నమ్మొచ్చు. మన సురభి నాటక సమాజం వాళ్లనే చూడండి, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల్లో వేషం వేసే మనిషే వేషం లేనప్పుడు తెర లాగుతాడు, హార్మోనియం దగ్గర కూర్చుంటాడు, మాయాబజార్ నాటకంలో ట్రిక్కులకు తాళ్లు పట్టుకుంటాడు. నాటకం అనే పని అలాంటిది.

ఇక ఎక్కడ చదవాలి? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, నా మొదటి ఓటు దానికే. తెలుగు యూనివర్సిటీ, ఉస్మానియా, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీల్లోనూ ఈ విభాగాలున్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా గురించి అతనే మీకు చెప్పి ఉంటాడు. అది మూడేళ్ల కోర్సు, దేశం మొత్తానికి సీట్లు చాలా కొద్ది, డిగ్రీ ఉండాలి, కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించాలి, హిందీ రావాలి. మొదటి ప్రయత్నంలోనే రావాలని పట్టు పట్టకండి, ఇక్కడ పీజీ చేశాక కూడా రాయొచ్చు.

పేరు చూసి చేర్పించకండి. మీరూ అబ్బాయీ ఒక సాయంత్రం ఆ విభాగానికి వెళ్లండి. రిహార్సల్ జరుగుతోందా? ఏడాదికి ఎన్ని ప్రొడక్షన్లు చేస్తున్నారు, విద్యార్థులే దర్శకత్వం చేసేవి ఎన్ని, లైట్లు పనిచేస్తున్నాయా, రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, అంతా గెస్ట్ ఫ్యాకల్టీయేనా? ఇవి అక్కడి పిల్లల్ని అడిగితే దాచకుండా చెప్తారు. మూడు నెలల్లో నటుణ్ని చేస్తామని లక్షలు అడిగే ఇన్‌స్టిట్యూట్లను మాత్రం ఈ కోర్సుతో పోల్చొద్దు, అప్పు చేసి వాటిలో చేర్పించడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఉద్యోగాల సంగతి దాచను. ఈ పీజీ కావాలని వచ్చే ప్రభుత్వ నోటిఫికేషన్లు చాలా తక్కువ. నెల జీతం కావాలంటే ఎక్కువగా కనిపించేది పెద్ద ప్రైవేటు, ఇంటర్నేషనల్ స్కూళ్లలో డ్రామా టీచర్ పని, దానికి మంచి ఇంగ్లీషు, పిల్లలతో ఓపిక ఉండాలి. పాఠాలు చెప్పడం ఇష్టమైతే, కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో నాటకరంగానికి పేపర్ ఉంది, అందులోనే జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలిస్తారు. ఈవెంట్లకు లైటింగ్, స్టేజ్ మేనేజ్‌మెంట్, డబ్బింగ్, ఆడియో కథలు, కంపెనీల్లో వర్క్‌షాపులు, ఇవన్నీ ఉన్నాయి గానీ ఒక నెల బాగా వస్తుంది, రెండు నెలలు ఏమీ రాదు. మొదటి మూడు నాలుగేళ్లు చేతిలో డబ్బు ఆడటం కష్టమనే అనుకోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్ల పాటు నెలకు 5,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది, నాటకం కూడా అందులో ఉంది, అప్లై చేయించండి. బీకాం కూడా వృథా పోదు. చాలా నాటక సంస్థలకు లెక్కలు రాసి గ్రాంటు కాగితాలు సరిగ్గా పెట్టే మనిషే దొరకడు.

వాళ్ల నాన్నగారి భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయొద్దని అబ్బాయికి చెప్పండి. ఆయనకు నేను చెప్పేదేమిటంటే, ఇష్టం లేకుండా ఓ మామూలు కాలేజీలో చేసే ఎంబీఏ కూడా ఉద్యోగానికి గ్యారంటీ కాదండీ. ముగ్గురూ కూర్చుని డబ్బు గురించి ఖచ్చితంగా మాట్లాడుకోండి: చదువు రెండేళ్లూ ఇంటి నుంచి ఎంత పంపగలరు, చదువయ్యాక ఇంకో ఏడాది ఆదుకోగలరా, ఆ తర్వాత హైదరాబాద్‌లో గది అద్దె అతనే ఎలా కట్టుకుంటాడు. అంకెలు కాగితం మీదికి వస్తే సగం గొడవ తగ్గుతుంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కూడా రాయమనండి, రాసినంత మాత్రాన నష్టమేం లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని: బ్యాక్‌లాగ్ లేకుండా డిగ్రీ పూర్తి చేయడం. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ఈమధ్య మార్చిలో జరుగుతోంది, దరఖాస్తులు దానికి రెండు మూడు నెలల ముందే మొదలవుతాయి కాబట్టి కోర్సు కోడ్, ఆడిషన్ వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఈలోగా మీ ఊళ్లో భక్త రామదాసు కళాక్షేత్రంలో ఏ నాటకం పడినా వెళ్లి చూడమనండి, మీ ఇద్దరూ కూడా అతనితో వెళ్లండి. వీలైతే అక్కడి బృందాల్లో ఒకదానిలో చేరి తెర వెనక పని అడగమనండి, వేషం తర్వాత చూసుకోవచ్చు.